డాగ్ డేకేర్‌లో సాయంత్రం ఆరు గంటలు: గేటు దగ్గర మీరెలా నెట్టుకొస్తున్నారు?

కొండాపూర్_కుర్రాడు | శనివారం, రాత్రి 10:40

అందరికీ నమస్తే. కొండాపూర్ వైపు ఒక డాగ్ డేకేర్‌లో హ్యాండ్లర్‌గా, అంటే కుక్కల్ని చూసుకునే పని చేస్తున్నాను. మాది హన్మకొండ. చిన్నప్పటి నుంచి ఇంట్లో కుక్కలు ఉండేవి కాబట్టి కరుస్తాయన్న భయం లేదు, ఎత్తిపోయడం కడగడం అంటే చీదర లేదు. పని ఇష్టంగానే చేస్తున్నా. కానీ లోపల ఇంత గందరగోళం ఉంటుందని చేరేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

పొద్దున ఆఫీసులకు వెళ్లేవాళ్లు వరసగా వచ్చి వాళ్ల కుక్కల్ని దింపి పోతారు. అదో గంట హడావిడి. అసలు టెన్షన్ సాయంత్రం ఆరింటికి. బయట కారు ఆగిన చప్పుడు వినపడితే చాలు, ప్రతి కుక్కా తన వాళ్లే వచ్చారనుకుని గేటు మీదికి ఉరుకుతుంది. ఒకటి మొరిగితే అన్నీ అందుకుంటాయి. మా దగ్గర ఒక హస్కీ ఉంది, గడియను ముక్కుతో పైకి లేపడం నేర్చుకుంది. ఒక బీగిల్ మనిషి కాళ్ల మధ్య సందు కనబడితే దూరిపోతుంది. అవతల మెయిన్ రోడ్డు.

నిన్న సాయంత్రం గేటు దగ్గర అన్నీ ఎగబడుతుంటే గోల్డెన్ రిట్రీవర్ ఒకటి వెనక నుంచి వచ్చి మీద పడింది. ముందున్న జర్మన్ షెపర్డ్ గిర్రున తిరిగి దాని చెవి పట్టేసింది. పొద్దున్నుంచి రెండూ ఒకే తొట్టిలో నీళ్లు తాగుతూ ఆడుకున్నవే. చెవి కొస చిరిగింది. గాయం గోరంతే, కానీ అది తల విదిలించిన ప్రతిసారీ గోడల మీద, నా చొక్కా మీద, రిజిస్టర్ మీద రక్తం చుక్కలు. సరిగ్గా అప్పుడే ఆ గోల్డెన్‌ని పెంచుకునే అమ్మగారు లోపలికి అడుగుపెట్టారు. ఆమె మొహం చూసి నాకు నోట మాట రాలేదు.

ఆడుకునే చోట గొడవ ముదరకుండా ఆపడం కొంత పట్టుబడింది. ఈ గేటు సంగతే తేలడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బెజవాడ_బోర్డింగ్ | శనివారం, రాత్రి 11:15

తమ్ముడూ, మీకు గేటు ఒకటేనా, రెండా? ముందు అది చెప్పు.

కొండాపూర్_కుర్రాడు | శనివారం, రాత్రి 11:18

ఒకటే అన్నా. గేటుకి ఇటు ఆటస్థలం, అటు రోడ్డు.

బెజవాడ_బోర్డింగ్ | శనివారం, రాత్రి 11:52

అయితే గొడవంతా అక్కడే ఉంది. నీ తప్పు గానీ కుక్కల తప్పు గానీ ఏం లేదు. నేను విజయవాడ అవతల చిన్న బోర్డింగ్ నడుపుతున్నాను. కట్టేటప్పుడే రెండు గేట్లు పెట్టించా, మధ్యలో చిన్న గది లాంటి ఖాళీ జాగా. ఒకటి మూసి గడియ పడ్డాకే రెండోది తెరవాలి. పోస్ట్‌మాన్ వచ్చినా, మా ఆవిడ టీ తెచ్చినా ఇదే లెక్క.

రెండోది, కుక్కల వాళ్లను ఆటస్థలం దాకా రానివ్వకు. వాళ్లు కారులో ఉండగానే ఫోన్ చేయాలి, లేదా మెసేజ్ పెట్టాలి. అప్పుడు వాళ్ల కుక్క ఒక్కదాన్నే లీష్ వేసి వెనక గదిలోకి తెచ్చి, మూతి కాళ్లు తుడిచి, అక్కడి నుంచే అప్పగించు. మిగతా వాటికి ఎవరు వచ్చారో ఎవరు పోయారో కనపడకూడదు. కంచెకి లోపలి వైపు నడుం ఎత్తున గ్రీన్ షీట్ కట్టినా చాలా తగ్గుతుంది. మొదట్లో కస్టమర్లు విసుక్కుంటారు. "మా వాడు ఎలా ఆడుకుంటున్నాడో చూద్దామనుకున్నాం" అంటారు. వీడియో పంపించు, అంతే.

హస్కీ గడియకి ఇనుప కొక్కెం వేయించు, స్ప్రింగ్ ఉన్నది. ముక్కుతో తీయలేదు.

లావణ్య_టెక్సస్ | ఆదివారం, ఉదయం 7:05

నేను డాలస్ దగ్గర ఒక డేకేర్‌లో పని చేస్తున్నాను. మాది గుంటూరు. బెజవాడ అన్నయ్య గేటు గురించి చెప్పినదంతా అక్షరాలా నిజం, ఇక్కడ కూడా అదే పద్ధతి. నేను ఇంకో ప్రశ్న అడుగుతాను. మీ దగ్గర మధ్యాహ్నం కుక్కలు పడుకుంటున్నాయా?

ఎందుకు అడుగుతున్నానంటే, ఎదిగిన కుక్క ఇంట్లో ఉంటే రోజులో 12 నుంచి 14 గంటలు పడుకుంటుంది. కుక్కపిల్లలైతే ఇంకా ఎక్కువ. మన దగ్గరికి వచ్చిన కుక్క పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఆరు దాకా మేలుకునే ఉంటుంది. చుట్టూ కొత్త వాసనలు, అరుపులు, పరుగులు. మూడు గంటలకల్లా అది అలిసిపోయి ఉంటుంది కానీ ఆగదు, ఎదుటి కుక్క ఆగనివ్వదు. ఇక చిరాకు మొదలు. ఐదింటి దాకా ఎలాగో తట్టుకుంటుంది, గేటు దగ్గర ఎవరో తోసేసరికి కొరికేస్తుంది. మీ షెపర్డ్ కథ చదివితే నాకు అదే అనిపించింది. ఆరింటికి కనపడిన గొడవ పన్నెండింటికే మొదలై ఉంటుంది.

మా దగ్గర 12 నుంచి 2 దాకా లైట్లు తీసేస్తాం. ప్రతి కుక్కా తన కెన్నెల్ (గూడు)లోకి పోవాల్సిందే, ముందు ఓ దుప్పటి వేలాడదీస్తాం. ఫ్యాన్ హోరు తప్ప ఏ శబ్దమూ ఉండదు. కొన్ని మొదట్లో ఏడుస్తాయి, చూస్తే జాలేస్తుంది. నాలుగు రోజులు పోయాక అవే వెళ్లి పడుకుంటాయి.

ఇంకోటి, ఒక్క మనిషికి ఎన్ని కుక్కలు? ఇక్కడ 10 నుంచి 15 లోపు ఉండాలని చాలామంది పాటిస్తారు. ఆ సంఖ్య దాటితే ఎంత నేర్పున్నా కళ్లు సరిపోవు.

పాత_పెరడు | ఆదివారం, ఉదయం 9:30

బాబూ, ఏమీ అనుకోకపోతే ఒక మాట. మా ఊళ్లో కుక్క అంటే పెరట్లో ఉండేది, ఇంత అన్నం పెడితే తినేది, రాత్రి కాపలా కాసేది. దానికి బడి, డబ్బాలో టిఫిను, మధ్యాహ్నం నిద్ర! పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంట్లో మనిషి లేనప్పుడు కుక్కను తెచ్చుకోవడం దేనికి? ముప్ఫై కుక్కల్ని ఒక్క చోట కుక్కితే కరుచుకోక ఏం చేస్తాయి? కోపంతో కాదు, ఆ జీవాల మీద జాలితోనే అడుగుతున్నాను.

సింబా_వాళ్ళమ్మ | ఆదివారం, ఉదయం 10:20

పెద్దవారు, మీ మాటలో కొంత నిజం ఉంది. మాకు సింబా వచ్చింది ఇంటి నుంచి పని చేసే రోజుల్లో. అప్పుడు రోజంతా నా కుర్చీ పక్కనే ఉండేవాడు. తర్వాత ఆఫీసుకు రమ్మన్నారు. గచ్చిబౌలిలో ఫ్లాటు, పదకొండో అంతస్తు. ఒంటరిగా వదిలితే తలుపు గీకి గీకి గోళ్లు ఊడి రక్తం వచ్చేది. పక్క ఫ్లాటు వాళ్లు అసోసియేషన్‌లో ఫిర్యాదు చేశారు. వాడిని ఎవరికో ఇచ్చేయడం మా వల్ల కాలేదు. డేకేర్ లేకపోతే ఉద్యోగం మానేసేదాన్ని.

తమ్ముడూ, ఆ గోల్డెన్ వాళ్లమ్మ స్థానంలో నేనుంటే రక్తం చూసి భయపడేదాన్ని. కానీ గొడవ ఎలా జరిగిందో దాచకుండా చెప్పి, ఫోటోలు పంపి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే నమ్మకం పోదు. "ఏం లేదు మేడమ్, చిన్న గీరుడు" అన్నవాళ్ల మీదే నమ్మకం పోతుంది.

వెట్_అక్క | ఆదివారం, మధ్యాహ్నం 2:45

తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివాను, ఇప్పుడు హైదరాబాద్‌లో ప్రాక్టీసు. ముందు చెవి సంగతి. చెవి చిరిగితే చెవిని తలకు ఆనించి శుభ్రమైన గుడ్డతో తల చుట్టూ కట్టు కట్టేయండి. అది విదిలించలేకపోతే రక్తం ఆగుతుంది. ఎంత బిగించాలంటే గొంతు కింద మీ రెండు వేళ్లు దూరాలి.

ఇక గొడవను విడదీసేటప్పుడు కాలర్ దగ్గర చెయ్యి పెట్టకండి. హ్యాండ్లర్లకు కాట్లు పడేది అలా చెయ్యి పెట్టినప్పుడే. ఆ వేడిలో కుక్కకు మీ చెయ్యి, ఎదుటి కుక్క రెండూ ఒకటే. ముందు గట్టిగా చప్పుడు చేయండి, స్టీలు బేసిన్లు రెండు కొట్టండి, నీళ్ల పైపు పెట్టండి, మధ్యలో కుర్చీ గానీ చెక్క గానీ దూర్చండి. ఇవేవీ పని చేయకపోతే ఇద్దరు మనుషులు ఒకేసారి రెండు కుక్కల వెనక కాళ్లు పట్టి వెనక్కి లాగాలి. పళ్లు దిగి పట్టు మీద ఉంటే మాత్రం లాగకండి, కండ చిరిగిపోతుంది. పట్టు సడలేదాకా ఆగాలి.

ఇప్పుడు మీరెవరూ అడగని విషయం. హ్యాండ్లర్లకు రేబిస్ టీకా వేయించారా? డేకేర్‌లో పని చేసే ప్రతి ఒక్కరూ కాటు పడకముందే వేయించుకోవాలి. 0వ రోజు, 7వ రోజు, తర్వాత 21 లేదా 28వ రోజు. అలా వేయించుకున్నవాళ్లకు తర్వాత ఎప్పుడైనా కాటు పడితే 0, 3 రోజుల్లో రెండు డోసులు చాలు, గాయం దగ్గర వేసే సీరం అక్కర్లేదు. కాటు పడగానే సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం లాంటివి పెట్టొద్దు. "ఆ కుక్కకు టీకాలన్నీ వేయించాం" అని యజమాని చెప్పినా సరే, కడిగి ఆసుపత్రికి పోవాల్సిందే. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ఈ టీకా వేస్తారు.

కొండాపూర్_కుర్రాడు | ఆదివారం, రాత్రి 9:10

అక్కా, మాకెవరికీ వేయించలేదు. గీరుడు పడితే డెటాల్ రాసుకుని పనిలోకి దిగడమే. రేపే మా ఓనర్‌ని అడుగుతా.

లావణ్య అక్కా, మధ్యాహ్నం నిద్ర లేదు. పడుకున్న కుక్క వీడియోలో బాగుండదని, ఆడుతుండగా తీసి గ్రూపులో పెట్టమంటారు. పడుకోబోతుంటే బంతి విసిరి లేపుతాం. మీరు చెప్పింది చదివాక ఆ షెపర్డే కళ్ల ముందు మెదిలింది. గొడవైన రోజు మూడింటి నుంచి అది గోడ వారకు పోయి నిలబడుతూనే ఉంది, పిల్ల కుక్కలు వెంటపడి చెవులు లాగుతూనే ఉన్నాయి.

చారి_మల్కాజిగిరి | ఆదివారం, రాత్రి 10:02

నేను గతంలో ఒక డేకేర్‌లో చేసి మానేశాను. జీతం పన్నెండు వేలు, పండగ సెలవు లేదు, కాటు పడితే మందుల ఖర్చు మనదే. ఎక్కడో చెప్పను. పని మీద ప్రేమ ఉన్న కుర్రాళ్లు అలాగే వెళ్లిపోతున్నారు. కుక్కల గుణాలు తెలిసిన మనిషి వెళ్లిపోయి రేపు ఇంకో కొత్తవాడు వస్తే అదే షెపర్డ్ ఇంకో చెవి చింపుతుంది. టీకాలు అడగడంతో పాటు వైద్య ఖర్చు ఎవరిదో కాగితం మీద రాయించుకో తమ్ముడూ.

బెజవాడ_బోర్డింగ్ | సోమవారం, ఉదయం 6:30

చారి గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మా దగ్గర ఇద్దరు అబ్బాయిలు మొదటి నుంచీ ఉన్నారు. ఏ కుక్క తోక ఎలా పెడితే ఏం జరుగుతుందో వాళ్లకి తెలుసు. వాళ్లను పోగొట్టుకుంటే నేను మూసేసుకోవాలి.

నాకు గేటు కన్నా ఎక్కువ దడ పుట్టించేవి రెండున్నాయి. ఒకటి ఎండ. మా బెజవాడ ఎండలు మీకు తెలుసు. రోహిణి కార్తెలో పగ్‌ని, షిట్జూని పది దాటాక బయటికి తీయను. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే చల్లబడాలి. మూతి చదునుగా ఉన్నవాటికి ఆ రొప్పడమే సరిగా చేతకాదు. ఒకసారి ఒక పగ్ ఆడుతూ ఆడుతూ కూలబడింది. నాలుక ముదురు ఎరుపు, లాలాజలం జిగురుగా తీగలు సాగుతోంది. కుళాయి నీళ్లు పోస్తూ, టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టి, థర్మామీటర్ పెడితే 106. మామూలుగా 101 నుంచి 102.5 మధ్య ఉండాలి. నీళ్లు పోస్తూనే ఆటోలో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. బతికింది.

రెండోది ఎదకు వచ్చిన ఆడకుక్క. మన దగ్గర పెంపుడు కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేవాళ్లు తక్కువ. ఎదకు వచ్చిందని యజమానికి తెలియదు, తెలిసినా చెప్పరు. లోపలికి వచ్చిన ఐదు నిమిషాల్లో మగకుక్కలన్నీ ఒకదాని మీద ఒకటి. ఏడాదంతా స్నేహంగా ఉన్నవి కూడా ఆ రోజు ఒకదాన్నొకటి ఓర్చుకోవు. అందుకే చేర్చుకునే ముందు ప్రతిసారీ అడిగి రాసుకుంటాం, గుమ్మంలోనే తోక ఎత్తి చూస్తాం. ఎద మూడు వారాల దాకా ఉంటుంది, ఆ మూడు వారాలు డేకేర్‌కి సెలవు.

సింబా_వాళ్ళమ్మ | సోమవారం, ఉదయం 8:15

ఇవన్నీ మాకు ఎవరూ చెప్పరండి. చేరేటప్పుడు టీకా కార్డు ఫోటో అడిగారు, అంతే. మేము ఇంటి నుంచి ఏం చెప్పి పంపితే మీకు పని తేలికవుతుంది?

వెట్_అక్క | సోమవారం, మధ్యాహ్నం 1:30

సింబా వాళ్ళమ్మ గారూ, రాత్రి దగ్గినా, పొద్దున విరేచనం పలచగా అయినా ఆ రోజు పంపకండి. డేకేర్‌కి అంతకన్నా పెద్ద సాయం లేదు. కెన్నెల్ కాఫ్ అంటుకున్న కుక్క గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఖంగుఖంగున దగ్గుతుంది. లోపలికి చేరాక రెండు రోజుల నుంచి రెండు వారాల లోపు బయటపడుతుంది. అంటే మీ సింబా దగ్గేసరికి ఇంకో పదికి అంటించి ఉంటాడు. బోర్డెటెల్లా అనే బ్యాక్టీరియా, పారాఇన్‌ఫ్లుయెంజా లాంటి వైరస్‌లు కలిసి తెచ్చే జబ్బు ఇది. టీకా ఉంది, మామూలుగా ఏటా వేసే వాటిలో బోర్డెటెల్లా ఉండదు కాబట్టి మీ డాక్టర్‌ని విడిగా అడగాలి.

పార్వో అనే వైరస్ జబ్బు ఇంకా ఘోరం, కుక్కపిల్లల్ని రెండు మూడు రోజుల్లో తీసుకుపోతుంది. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. ఫినాయిల్‌తో చావదు. వాసన బాగుంది కాబట్టి శుభ్రమైందనుకుంటారు. ముందు మలం, మట్టి పూర్తిగా కడిగేసి, ఆ తర్వాత బ్లీచింగ్ ద్రావణం పోసి, పది నిమిషాలు తడిగా ఉంచి, అప్పుడు కడగాలి. మురికి మీద బ్లీచ్ పోస్తే లాభం లేదు. అది ఆరేదాకా కుక్కలు అటు రాకూడదు. టీకాల కోర్సు పూర్తికాని కుక్కపిల్లల్ని డేకేర్‌లో చేర్చుకోకూడదు, డబ్బులు ఎంత ఇస్తామన్నా సరే.

టిఫిన్ డబ్బా సంగతి కూడా. మొన్న ఆదివారం బిర్యానీ మిగిలిందని కలిపి పంపారట, నా దగ్గరికి వచ్చిన లాబ్రడార్‌కి. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క రక్తకణాలను విరగ్గొడతాయి. ఎండుద్రాక్ష, చాక్లెట్, షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్ కూడా విషమే. పెరుగన్నం, ఉప్పు కారం లేని ఉడికించిన చికెన్ పంపండి, పేరు రాసి. డేకేర్‌లో ఒక్కో కుక్కను విడిగా పెట్టి తినిపించాలి, గిన్నెలు తీసేశాకే వదలాలి.

లావణ్య_టెక్సస్ | సోమవారం, రాత్రి 8:20

దగ్గు విషయంలో డాక్టర్ గారు చెప్పింది ఇక్కడివాళ్లు బాధపడి నేర్చుకున్నారు. 2015లో షికాగోలో హెచ్3ఎన్2 అనే కుక్కల ఫ్లూ డేకేర్లలో, బోర్డింగులలో పాకి చాలా చోట్ల తాత్కాలికంగా మూసేయాల్సి వచ్చింది. మా మేనేజర్ ఇప్పటికీ ఒక్క దగ్గు వినపడితే ఆ కుక్కను వేరే గదిలో పెట్టి ఇంటికి ఫోన్ చేస్తుంది. యజమాని మీటింగ్‌లో ఉన్నా సరే.

పాత_పెరడు | మంగళవారం, ఉదయం 7:40

అందరూ రాసినవి మొత్తం చదివాను. ఇంటి దగ్గర గోళ్లు ఊడేలా తలుపు గీకడం కన్నా, తెలిసినవాళ్ల చేతిలో ఉండటమే దానికి మేలు. ఒప్పుకుంటాను. కానీ ఆ తెలిసినవాళ్లకి పన్నెండు వేలిస్తే ఎట్లా? కుక్కకు నెలకి ఎంత కడుతున్నారో, దాన్ని చూసే పిల్లాడికి ఎంత వెళ్తుందో కట్టేవాళ్లు అడగాలి.

సింబా_వాళ్ళమ్మ | మంగళవారం, ఉదయం 9:05

అడుగుతానండి. మా గ్రూపులో ఇంకా చాలామంది ఉన్నారు, హ్యాండ్లర్ల టీకాల సంగతి కూడా కలిపి అడుగుతాం.

కొండాపూర్_కుర్రాడు | శుక్రవారం, రాత్రి 10:15

వారం ఎలా గడిచిందో చెప్పాలనిపించింది. ఓనర్ మొదట ఒప్పుకోలేదు. "పడుకోబెట్టడానికి ఇంత డబ్బు ఎందుకు కడతారు" అన్నారు. లావణ్య అక్క రాసింది, డాక్టర్ అక్క రాసింది మొత్తం చూపించాను. మధ్యాహ్నం నిద్ర మొదలుపెట్టాం. పాత బెడ్‌షీట్లు తెచ్చి కెన్నెళ్ల ముందు కట్టాం. మొదటి రోజు హస్కీ రెండు గంటలూ రాగాలు తీసింది, ఇంకేదీ పడుకోలేదు. తర్వాత దాన్ని వెనక స్టోర్ రూములో, నేను పక్కన కూర్చుని పడుకోబెట్టాను. అప్పటి నుంచి మిగతావీ పడుకుంటున్నాయి. షెపర్డ్ అయితే లైటు తీయగానే వెళ్లిపోతుంది. సాయంత్రం మొరగడం ఉంది కానీ ఎగబడి కొట్టుకోవడం తగ్గింది. పడుకున్న ఫోటోలు గ్రూపులో పెడితే అందరూ అవే ఎక్కువ అడుగుతున్నారు.

గోల్డెన్ చెవి మానుతోంది. వాళ్లమ్మ గారికి అన్నీ వివరంగా చెప్పాను, తిరిగి పంపుతున్నారు. మా ముగ్గురికీ రేబిస్ టీకా మొదటి డోసు అయింది. మందుల ఖర్చు కాగితం మీద రాసివ్వడం ఇంకా తేలలేదు చారి అన్నా, అడుగుతూనే ఉంటా.

ఇప్పుడు దీపావళి దగ్గర పడింది. ఊళ్లకు వెళ్లేవాళ్లు రాత్రులు కూడా వదిలి వెళ్తారు. పటాకుల చప్పుడుకి ఏం చేయాలి?

వెట్_అక్క | శుక్రవారం, రాత్రి 11:00

భయపడే కుక్కలు ఏవో యజమానుల్ని ఇప్పుడే అడిగి పట్టిక రాసుకో. వాటికి డాక్టర్ చూసి ముందుగానే మందు రాయాలి, పండగ రోజు సాయంత్రం ఫోన్ చేస్తే ఆలస్యం. కదలకుండా మత్తు మాత్రమే ఇచ్చే మందులు వద్దు. కుక్క కదలలేదు కానీ లోపల భయం అలాగే ఉంటుంది. భయం తగ్గించేవి వేరే ఉన్నాయి. చీకటి పడకముందే బయటికి తిప్పి, తినిపించి, కిటికీలు లేని లోపలి గదుల్లోకి మార్చండి. ఫ్యాను, టీవీ పెట్టండి. దగ్గరికి వచ్చి ఒదిగితే నిమరండి, దానివల్ల భయం పెరగదు. ఆ రాత్రి కాలర్లకు ఫోన్ నంబరు బిళ్ల తప్పనిసరి. బాంబు పేలితే ఎనిమిదడుగుల గోడ కూడా దూకే కుక్కల్ని చూశాను.

కొండాపూర్_కుర్రాడు | శుక్రవారం, రాత్రి 11:08

సరే అక్కా. ఇంకో మంచి వార్త, రెండో గేటుకి ఓనర్ ఒప్పుకున్నారు, పండగ లోపే. రేపు వెల్డింగ్ అతను కొలతలకి వస్తున్నాడు. బెజవాడ అన్నా, ఏం చెప్పమంటావ్?

బెజవాడ_బోర్డింగ్ | శుక్రవారం, రాత్రి 11:31

రెండు గేట్ల మధ్య ఆరడుగులు తగ్గకుండా ఉంచమను, ఒక మనిషి, గ్రేట్ డేన్ లాంటి భారీ కుక్క ఒకటి నిలబడి తిరగగలగాలి. లోపలి గేటు కుక్కల వైపుకే తెరుచుకోవాలి. అప్పుడు అవి ఎగబడి తోస్తే గేటు మూసుకుంటుంది, తెరుచుకోదు. కింద సందు రెండంగుళాలు దాటనివ్వకు, బీగిల్ ఉందన్నావుగా. గడియ భుజం ఎత్తున, అవతలి వైపు. కడ్డీల మధ్య తల దూరకుండా చిన్న కుక్కల కోసం నడుం దాకా జాలీ కొట్టించు. రేపు కొలతలు అయ్యాక ఫోటో పెట్టు, చూసి చెప్తా.